గొరిల్లా ఇంటికి జలుబుతో వెళ్లకూడదు

ప్రపంచంలో మిగిలిన పర్వత గొరిల్లాలు వెయ్యికి కాస్త పైన. అందులో దాదాపు సగం ఉగాండాలోని బ్విండి అడవిలోనే ఉన్నాయి. వాటిని చూడ్డానికి మనిషికి ఇచ్చేది ఒక్క గంట. ఆ గంట కోసం ఆరేళ్లు ఎదురుచూసిన మా బావ, తీరా అడవి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగొచ్చేశారు. ఆయన చేసింది మంచి పనేనా? మీరే చెప్పండి!

తెల్లవారితే గొరిల్లాలను చూడాలి. రాత్రి తొమ్మిదింటికి బావకు తుమ్ములు మొదలయ్యాయి. ఒకటి, రెండు, మూడు... అక్క లెక్కపెట్టడం మానేసి లాడ్జి వంటింట్లోకి వెళ్లింది. సైగలతోనే వంటమనిషిని ఒప్పించి అల్లం, మిరియాలు వేసి కషాయం కాయించుకొచ్చింది. ‘ఇది తాగి ముసుగుతన్ని పడుకోండి. పొద్దుటికి తగ్గిపోతుంది’ అంది. తగ్గలేదు. పొద్దున్నే గొంతు బొంగురుపోయి, ముక్కు ఎర్రబడి ఉంది. ఒక మాత్ర మింగి, నా వైపు తిరిగి, ‘అమ్మాయ్, నువ్వేం మాట్లాడకు. ఇది దుమ్ముకొచ్చిన తుమ్ము’ అన్నారు.

ఆయన బాధ నాకు తెలుసు. అక్కావాళ్లు కంపాలాలో ఆరేళ్లుగా ఉంటున్నారు. ‘ఉగాండాలో ఉండి గొరిల్లాను చూడకపోవడమంటే తిరుపతిలో ఉండి కొండ ఎక్కకపోవడమే’ అనేవారాయన. ఏటా అనుకోవడం, ఏదో ఒక అడ్డు రావడం. ఈసారి నేను హైదరాబాద్ నుంచి వస్తున్నానని ముందే రెండు పర్మిట్లు తీసిపెట్టారు. ఒకటి ఆయనకి, ఒకటి నాకు. అక్క కొండలెక్కలేనంది. పన్నెండేళ్ల చింటూకి అనుమతి లేదు, పదిహేనేళ్లు నిండాలి. విదేశీ పర్యటకులకు ఒక్క పర్మిట్ 800 డాలర్లు. అంటే సుమారు డెబ్బై వేల రూపాయలు! అక్కడే ఉంటున్నవాళ్లకు కాస్త తగ్గుతుందంతే. అంత డబ్బు పోసి, పది గంటలు కారులో కూర్చుని వచ్చాక ఒక తుమ్ముకి లొంగిపోవడమా?

అందుకే నేనూ నోరు మెదపలేదు.

రెండు అర్ధగోళాల మీద కాళ్లు

ఆ పది గంటల ప్రయాణం గురించి చెప్పాలి. కంపాలా నుంచి మసాకా దారిలో వెళ్తుంటే కయబ్వే దగ్గర భూమధ్యరేఖ వస్తుంది. రోడ్డు పక్కన తెల్లటి పెద్ద వలయం కట్టారు. చింటూ ఒక కాలు ఉత్తరార్ధగోళంలో, ఇంకో కాలు దక్షిణార్ధగోళంలో పెట్టి ఫొటో దిగాడు. అక్కడే రోలెక్స్ తిన్నాం. చేతి గడియారం అనుకునేరు! వేడి వేడి చపాతీ మీద ఆమ్లెట్ పరిచి, క్యాబేజీ, టొమాటో ముక్కలు వేసి చుట్టి ఇస్తారు. ‘రోల్డ్ ఎగ్స్’ అన్న మాట నోళ్లలో నలిగి నలిగి రోలెక్స్ అయిందంటారు. చపాతీ ఈ దేశానికి వచ్చింది మనవాళ్లతోనే. నూరేళ్లకు పైబడి తూర్పు ఆఫ్రికాలో స్థిరపడుతూ వచ్చిన భారతీయుల వంటింటి గుర్తు అది.

మబరారా దగ్గరికొచ్చేసరికి బారెడు కొమ్ముల ఆంకోలే ఆవులు రోడ్డుకడ్డంగా నడుస్తూ కనిపించాయి. మధ్యాహ్నం భోజనంలో మతోకే పెట్టారు. పచ్చి అరటికాయల్ని చెక్కు తీసి, అరటాకుల్లో చుట్టి, ఆవిరి మీద మెత్తగా ఉడికిస్తారు. పక్కన వేరుశనగల పులుసు. కాస్త కారం తగిలితే మన ఇంటి భోజనమే అనిపించేది. ఆ కారం అక్క చేతిసంచీలో ఉంది కాబట్టి ఇబ్బంది లేకపోయింది.

సాయంత్రానికి తేయాకు తోటలు, వాటి మధ్య ఎర్రమట్టి రోడ్డు, ఆపైన కొండలు. కొండ సగం దాకా అరటితోటలు, చిలగడదుంప చేలు. అక్కడ గీత గీసినట్టు సాగు ఆగిపోతుంది. ఆ గీత అవతల ఒక్కసారిగా నల్లటి అడవి. అదే బ్విండి. మేం దిగింది దాని ఉత్తరాన ఉన్న బుహోమా ఊళ్లో.

చొరరాని అడవి

ఈ జాతీయ పార్కు పూర్తి పేరు ‘బ్విండి ఇంపెనిట్రబుల్ నేషనల్ పార్క్’. చొరరాని అడవి అన్నమాట. విస్తీర్ణం 331 చదరపు కిలోమీటర్లే. ఆ కాస్త చోటులోనే 1,160 మీటర్ల నుంచి 2,607 మీటర్ల దాకా ఎత్తుపల్లాలు. 160కి పైగా రకాల చెట్లు, దాదాపు 350 రకాల పక్షులు. మంచుయుగంలో ఆఫ్రికాలో చాలా అడవులు ఎండి కుంచించుకుపోయినా ఇది మాత్రం నిలిచింది. అందుకే వేరే ఎక్కడా కనిపించని జీవులు ఇక్కడ మిగిలాయి. 1991లో జాతీయ పార్కుగా ప్రకటించారు. 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఆ పేరు వెనక ఒక కథ ఉంది. పూర్వం వలసపోతున్న ఓ కుటుంబానికి అడవి మధ్య పెద్ద చిత్తడినేల అడ్డొచ్చిందట. దాటాలంటే కూతుర్ని బలి ఇవ్వమని అక్కడి శక్తులు అడిగాయట. రెండు రోజులు కూర్చుని ఏడ్చి, చివరికి నైనముకారి అనే ఆ పిల్లను నీళ్లకిచ్చి మిగతావాళ్లు దాటారట. అప్పట్నుంచి ఆ చోటు ‘నైనముకారి చీకటి నేల’ అయింది. అందులోని ‘ముబ్విండి’ అన్న మాటే అడవికి పేరైంది. ఈ కథ విన్నప్పుడు ఏదో పాతకథలే అనుకున్నాను. ఒకరు దాటడానికి ఇంకొకర్ని వదిలేయడమనేది ఇక్కడ కథల్లోనే లేదని మర్నాడు తెలిసింది.

బావ చెయ్యెత్తారు

పొద్దున ఏడున్నరకి పార్కు ఆఫీసు దగ్గర అందరం చేరాం. మనుషులకు అలవాటుపడ్డ గొరిల్లా కుటుంబాలు బ్విండిలో ఇరవైకి పైగా ఉన్నాయి. ఒక్కో కుటుంబం దగ్గరికి రోజుకి ఎనిమిది మందినే పంపుతారు. అలా అలవాటు చేయడానికి రెండేళ్లకు పైనే పడుతుంది. రోజూ కొందరు సిబ్బంది వెళ్లి, దూరంగా కూర్చుని, వాటి భయం పోయేదాకా ఓపిక పట్టాలి. బుహోమాలో ముబారే గుంపును అలా మచ్చిక చేశాకే 1993లో ఇక్కడ పర్యటన మొదలైంది.

రేంజర్ నియమాలు చెప్పడం మొదలెట్టాడు. గొరిల్లాలకు పది మీటర్ల దూరంలో ఉండాలి. మాస్కు తీయకూడదు. ఫ్లాష్ వాడకూడదు. అది మీదికి వస్తే పరుగెత్తకూడదు. తల వంచి కూర్చోవాలి. చివరగా, ‘మీలో ఎవరికైనా జలుబు, దగ్గు, జ్వరం ఉంటే ఇప్పుడే చెప్పండి’ అన్నాడు.

ఎవరూ పలకలేదు. బావ నేలచూపులు చూస్తున్నారు. నేను కెమెరా పట్టీ సర్దుకుంటున్నాను.

రేంజర్ కోప్పడలేదు, బెదిరించలేదు. ఓ సంగతి చెప్పాడు. 1996లో ఇక్కడి గొరిల్లాలకు వెంట్రుకలు రాలిపోయి చర్మం పుండ్లు పడటం మొదలైంది. గ్లాడిస్ కలెమా-జికుసోకా అనే యువ పశువైద్యురాలు అప్పుడే ఉగాండా వన్యప్రాణి విభాగంలో చేరింది. ఆమె వచ్చి చూసి, అది గజ్జి అని తేల్చింది. అడవిలో గొరిల్లాలకి గజ్జి ఎక్కడిది? అరటితోటల్లోకి వచ్చినప్పుడు అక్కడి దిష్టిబొమ్మలకు తొడిగిన మురికి బట్టల్ని తాకడం వల్ల పట్టుకుని ఉంటుందని అనుమానం. మందులతో మిగతావి కోలుకున్నాయి గానీ ఒక పసికూన చనిపోయింది. చుట్టుపక్కల ఊళ్లు ఆరోగ్యంగా లేకపోతే గొరిల్లాలకూ ఆరోగ్యం ఉండదని ఆమెకు అప్పుడే అర్థమైంది. 2003లో ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టి గొరిల్లాలతోపాటు ఊళ్లవాళ్ల ఆరోగ్యమూ చూడటం మొదలుపెట్టింది. ‘మన జన్యువులకీ వాటి జన్యువులకీ తేడా చాలా తక్కువ. మీకు రెండు రోజుల్లో తగ్గే జలుబు వాటికి న్యుమోనియా కావచ్చు’ అని ముగించాడు రేంజర్.

బడిలో పిల్లాడిలా బావ చెయ్యెత్తారు.

‘నాకు జలుబుగా ఉంది’ అన్నారు. అందరూ ఆయన వైపు తిరిగారు. రేంజర్ వచ్చి రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకోబోయి, ఆగి, మోచేత్తో మోచేతిని తాకించి నవ్వాడు. కట్టిన డబ్బు మొత్తం వెనక్కి రాదని తెలిసినా బావ ఇంకో మాట మాట్లాడలేదు. నాతో మాత్రం, ‘ఫొటోలు బాగా తియ్యి’ అని కారెక్కారు. చెప్పాల్సిన మాట నేను మింగేసినందుకు నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ ఒక్క గంట

మా ముందు ఇద్దరు సిబ్బంది తెల్లవారకముందే వెళ్లారు. గొరిల్లాలు రోజూ రాత్రి కొత్త గూడు అల్లుకుని పడుకుంటాయి. నిన్నటి గూళ్ల దగ్గర్నుంచి అడుగుజాడలు పట్టుకుని అవి ఎటు వెళ్లాయో వైర్‌లెస్‌లో చెబుతుంటారు. మేం రెండు గంటలు ఎక్కాం. ఎక్కాం అనడం గొప్పే, సగం దూరం పోర్టర్ చెయ్యి పట్టుకుని లాగాడు. ఆ ఊరి కుర్రాడే. సీజన్‌లో బరువులు మోసి వచ్చే డబ్బుతో కాలేజీ ఫీజు కట్టుకుంటున్నాడట. కింద నేలంతా తీగలు, ఆకుల మెత్త. ఎక్కడ అడుగు వేస్తే ఎక్కడికి దిగబడతామో తెలీదు. దురదగొండి లాంటి ఆకు తగిలి చెయ్యి భగ్గుమంది. చీమలు పాకకుండా ప్యాంటు చివర్లు మేజోళ్లలోకి దోపుకోమని ఎందుకన్నారో దారిలో చీమల బారు చూశాక తెలిసింది.

ఉన్నట్టుండి గైడు ఆగి, గొంతు సవరించుకున్నట్టు రెండుసార్లు శబ్దం చేశాడు. పొదల్లోంచి అలాంటి శబ్దమే బదులొచ్చింది. ‘మేమే, భయపడకండి’ అని మనం, ‘సరే, రండి’ అని అవి. ఇదీ పలకరింపు!

ముందు కనిపించింది తల్లి. ఒళ్లో కొబ్బరికాయంత తలతో పిల్ల. అది నా వైపు చూసి, తల్లి భుజం వెనక దాక్కుని, మళ్లీ తొంగి చూసింది. ఇంకో రెండు బుడతలు తీగ పట్టుకుని ఊగుతూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. పట్టు తప్పి ఒకటి దబ్బున పడింది. లేచి చుట్టూ చూసింది, ఎవరైనా చూశారా అన్నట్టు. ఆ తర్వాత పొదలు పక్కకు ఒరిగి పెద్దాయన వచ్చాడు. నల్లటి ఒంటికి వీపు మీద వెండి దుప్పటి కప్పినట్టుంది. అందుకే మగ గొరిల్లా పెద్దను సిల్వర్‌బ్యాక్ అంటారు. ఒక్కొక్కటి నూటయాభై కిలోలకు పైనే ఉంటుంది. మమ్మల్ని ఓసారి చూసి, మాతో పనిలేదన్నట్టు కూర్చుని, ఓ కాడ విరిచి, తొక్క ఒలిచి నమలసాగాడు. చేతి గోళ్లు, వేళ్ల మీద ముడతలు... అచ్చం మా తాతయ్య చేతులు. నేను కెమెరా కిందికి దించేశాను.

సరిగ్గా గంటకి గైడు చేత్తో సైగ చేశాడు. ఎవరూ ఇంకో నిమిషం అడగలేదు. ఆ గంటలో మాస్కు కింద నాకు రెండుసార్లు గొంతు గరగరలాడింది. అడవిలోకి పది మీటర్లు వెనక్కి వెళ్లి, మోచేతిలో మొహం దాచుకుని సవరించుకున్నాను. ఆ రెండుసార్లూ బావే గుర్తొచ్చారు.

లెక్కలు కూడా చెప్పుకోవాలి. విరుంగా కొండల్లో 1981లో లెక్కపెడితే తేలినవి 254. అక్కడే 2015-16 నాటికి 604 అయ్యాయి. బ్విండిలోనూ, దానికి ఆనుకుని కాంగోలో ఉన్న సరాంబ్వేలోనూ 2018లో 459 తేలాయి. రెండూ కలిపితే 1,063. 2018లోనే వీటిని ‘అత్యంత ప్రమాదం’ జాబితా నుంచి ఒక మెట్టు కిందికి తెచ్చారు. తల్లి గొరిల్లా నాలుగేళ్లకో పిల్లను కంటుంది. అలాంటి జీవి సంఖ్య పెరగడమంటే మాటలు కాదు. పర్మిట్ డబ్బుతోనే కాపలా నడుస్తోంది. ఒక్కో పర్మిట్ నుంచి పది డాలర్లు చుట్టుపక్కల ఊళ్లకు పోతాయి. ఆ రాబడి ఆగితే ఏమవుతుందో 2020లో తెలిసింది. కరోనాతో పర్యటకులు రావడం ఆగిపోయిన ఆ జూన్‌లో చిన్న జంతువుల వేటకు వచ్చిన ఓ వ్యక్తి ‘రఫీకి’ అనే సిల్వర్‌బ్యాక్‌ను ఈటెతో పొడిచి చంపాడు. అతనికి పదకొండేళ్ల జైలు పడింది.

ఆ అడవి వాళ్లది కూడా

మర్నాడు బావకు కాస్త నెమ్మదించింది. అయినా అక్క ఊరుకోలేదు. మాస్కు పెట్టి, అందరికీ నాలుగడుగులు వెనక నడవమంది. ఈసారి చింటూ కూడా ఉన్నాడు. బట్వాల దగ్గరికి వెళ్లాం.

బట్వాలు ఈ అడవికి పాతకాపులు. తేనె తీసి, దుంపలు తవ్వి, చిన్న జింకల్ని వేటాడి బతికారు. 1991లో ఇది జాతీయ పార్కు కాగానే వాళ్లను బయటికి పంపేశారు. అడవిలో పుట్టి పెరిగినవాళ్ల చేతిలో పట్టా ఎక్కడిది? చాలామందికి నష్టపరిహారం లేదు, సెంటు భూమి లేదు. ఊళ్లవాళ్ల పొలాల్లో కూలికి పోయారు. సాగు తెలీదు, ఊరి రోగాలు కొత్త. ఆ తర్వాత స్కాట్, క్యారల్ కెల్లర్మన్ అనే అమెరికన్ దంపతులు వచ్చి చెట్టు కింద వైద్యం మొదలుపెట్టారు. అదే ఇప్పుడు బుహోమాలో పెద్దాసుపత్రి అయింది.

పార్కు బయట బట్వాల కోసం కొన్న చిన్న అడవి ముక్కలో వాళ్ల పెద్దలే మనల్ని తిప్పుతారు. ఒక ముసలాయన రెండు పుల్లలు రాపాడించి నిప్పు పుట్టించాడు. చింటూ పావుగంట ప్రయత్నించినా పొగ కూడా రాలేదు. చెట్టుతొర్రలో తేనెపట్టుకి పొగ ఎలా పెట్టాలో, ఏ ఆకు కడుపునొప్పికో, ఏది దగ్గుకో ఒకావిడ చూపించింది. దగ్గు ఆకు అనగానే మా అందరి కళ్లూ బావ మీదికే వెళ్లాయి. ఆకులతో వేసిన గుడిసె ముందు అందరూ పాడుతూ నేల అదిరేలా ఆడారు. చప్పట్లు కొట్టాం. కొడుతూనే ఉన్నాగానీ లోపల ఏదో ఇబ్బంది. ఆయన చూపించింది ఆయన చిన్ననాటి జీవితం. మేం చూసింది ప్రదర్శన.

చింటూ గైడుని అడిగాడు, ‘ఈ తాత ఇప్పుడు ఆ అడవిలోకి వెళ్లొచ్చా?’ అని. అనుమతి లేకుండా వెళ్లకూడదని చెప్పాడు గైడు. ‘మరి అమ్మమ్మావాళ్లింటికి వెళ్లడానికి మనం టికెట్టు కొంటామా?’ అన్నాడు వాడు. ఆ ప్రశ్న ముసలాయన భాషలోకి మార్చి చెప్పారు. ఆయన పెద్దగా నవ్వి వాడి తల నిమిరాడు. మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

నాకు మన నల్లమల చెంచులు గుర్తొచ్చారు. తేనె, దుంపలు, పెంటలు... అక్కడా పులుల కోసం అడవి వదిలి రమ్మనే మాట చాలా ఏళ్లుగా వినిపిస్తున్నదే. బట్వాలు కోర్టుకెక్కారు. వాళ్లకు జరిగిన నష్టానికి పరిహారం దక్కాలని 2021లో ఉగాండా రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ప్రభుత్వం దానిమీద పైకోర్టుకి వెళ్లింది. అడవిని ఖాళీ చేయించకపోతే గొరిల్లాలు మిగిలేవా అని అడిగేవాళ్లూ ఉన్నారు. కానీ ఎన్నో తరాలుగా బట్వాలున్న అడవిలోనే కదా గొరిల్లాలూ మిగిలింది! రెంటినీ కలిపి కాపాడే దారి వెతకాల్సింది.

తిరుగు ప్రయాణంలో బావ నా కెమెరాలో ఫొటోలన్నీ చూశారు. పిల్ల గొరిల్లా తల్లి భుజం మీంచి తొంగిచూస్తున్న ఫొటో దగ్గర ఆగిపోయారు. చాలాసేపటికి, ‘దీనికి నా జలుబు అంటలేదు కదా, అది చాలు’ అన్నారు. అక్క అందుకుంది, ‘వచ్చే ఏడాది మళ్లీ వెళ్దురుగాని. నెల ముందు నుంచే కషాయం మొదలెడతాను’ అని. అప్పటికి చింటూకి పదమూడే. వాడు వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టుకుంటూ నిద్రపోయాడు.

వెళ్లాలనుకుంటే...

• హైదరాబాద్ నుంచి ఎంటెబ్బేకి దుబాయ్, దోహా, అడిస్ అబాబా లాంటి చోట్ల విమానం మారి వెళ్లొచ్చు. అక్కణ్నుంచి బ్విండికి రోడ్డు మార్గం, లేదంటే చిన్న విమానం.

• ఉగాండా వీసాకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. ఆ పత్రం తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనూ అడుగుతారు, జాగ్రత్త.

• జూన్-ఆగస్టు, డిసెంబరు-ఫిబ్రవరి నెలల్లో వాన కాస్త తక్కువ. ఆ నెలల పర్మిట్లు ముందుగానే అయిపోతాయి. బుహోమా, రుహిజా, రుషాగా, న్కురింగో... ఈ నాలుగు వైపుల్లో మీ పర్మిట్ ఎక్కడిదో చూసుకుని అటువైపే బస పెట్టుకోవాలి. ఒకవైపు నుంచి ఇంకోవైపుకి గంటల ప్రయాణం.

• గట్టి బూట్లు, వానకోటు, పొడవు చేతుల చొక్కా, తోట పనికి వాడే చేతితొడుగులు పెట్టుకోండి. పోర్టర్‌ని తప్పక మాట్లాడుకోండి. మీకు ఆసరా, అతనికి ఆ రోజు కూలి.

• బట్వాల దగ్గరికి వెళ్లేటప్పుడు కట్టే డబ్బు వాళ్లకే చేరుతుందో లేదో ముందే అడగండి.

• జలుబు ఉంటే దాచకండి.